పుదుచ్చేరిలో ఒక గోల్కొండ

పుదుచ్చేరి పాత పట్టణంలోని వీథులు గీత గీసినట్లు తిన్నగా సాగి సముద్రం ఒడ్డున ఆగుతాయి. ఇరువైపులా పసుపు, తెలుపు రంగుల గోడలు, కమాను వాకిళ్లు, వాటిపై ఎగబాకిన కాగితపు పూల తీగలు. ఫ్రెంచివారి కాలపు ఈ సొగసును చూడవచ్చిన యాత్రికుడు అరవిందాశ్రమానికి కొద్ది దూరంలో ఒక ప్రహరీ పక్కగా నడిచిపోతూ, దాని వెనుక ఉన్న భవనాన్ని గమనించకపోవచ్చు. గమనించినవాడు మాత్రం నిలబడిపోతాడు. దానికి కమానులు లేవు, చెక్కడాలు లేవు, రంగులు లేవు. చివరకు అందరెరిగిన కిటికీలు కూడా లేవు. ఈ కొస నుండి ఆ కొస వరకు, అంతస్తు మీద అంతస్తుగా, అడ్డంగా అమర్చిన బూడిద రంగు పలకలు మాత్రమే ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు వాటి నీడలు గోడనంతటినీ చారలు చారలుగా చేస్తాయి. పొద్దు తిరిగేకొద్దీ ఆ చారలు సన్నబడి, లావై, మాయమవుతాయి. మనిషి రూపమో చెట్టు రూపమో లేకుండా కేవలం రేఖలతో మనసును పట్టి నిలిపే నైరూప్య చిత్రం వంటిది ఆ గోడ.

దాని పేరు తెలుగువారిని మరొకమారు నిలబెడుతుంది. ఆ భవనం పేరు గోల్కొండ.

హైదరాబాదు సంస్థానంలో మంత్రిగా, తరువాత ప్రధానిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ శ్రీ అరవిందుల పట్ల ఎంతో గౌరవం గలవాడు. ఆశ్రమవాసులకు ఒక వసతి గృహం కట్టదలచినప్పుడు ఆయన ద్వారా నిజాము ప్రభుత్వం నుండి లక్ష రూపాయల విరాళం లభించింది. ఆ కృతజ్ఞతకు గుర్తుగా శ్రీమాత ఈ ఇంటికి వజ్రాలకు పేరెన్నికగన్న గోల్కొండ పేరు పెట్టారు. ఫ్రెంచి పలుకుబడిలో అది ‘గోల్కొండ్’ అయినది.

నమూనా గీసినవాడు ఆంటోనిన్ రేమండ్. బొహీమియాలో పుట్టి, అమెరికా పౌరుడై, టోక్యోలో స్థిరపడిన వాస్తుశిల్పి. ఆయన కచేరీలో పనిచేస్తున్న జార్జ్ నకషిమా అనే యువకుడు ఆ పనిని దగ్గరుండి చేయించడానికి పుదుచ్చేరి వచ్చారు. భవనం రేమండ్‌కు కీర్తి తెచ్చింది. యువకుని జీవితాన్ని మాత్రం అది పూర్తిగా మార్చివేసింది.

నకషిమా 1905లో అమెరికా పశ్చిమ భాగంలోని స్పోకేన్ పట్టణంలో జపాను దంపతులకు జన్మించారు. 1930లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం నుండి వాస్తుశిల్పంలో ఉన్నత పట్టం పొందారు. అది ఆర్థిక మాంద్యపు కాలం. ఉన్న కారు అమ్మివేసి, ప్రపంచమంతా చుట్టిరాగల ఓడ టిక్కెట్టు కొన్నారు. పారిస్‌లో కొంతకాలం గడిపి, ఉత్తర ఆఫ్రికా చూచి, 1934లో తాతల దేశమైన జపాను చేరి రేమండ్ వద్ద ఉద్యోగంలో కుదిరారు. చదువు ఉన్నది, చేతిలో నేర్పు ఉన్నది. ఆ నేర్పు దేనికోసమో తెలియలేదు.

1937లో కట్టడం ఆరంభమయింది. నకషిమాకు తోడు ఫ్రాంటిషెక్ సామర్ అనే చెకొస్లొవేకియా వాస్తుశిల్పి ఉన్నాడు. మరుసటి ఏడు రేమండ్ దంపతులు స్వయంగా వచ్చి కొన్ని నెలలు ఇక్కడ ఉన్నారు. కూలీల గుంపులు, గుత్తేదారుల తొందర ఇక్కడ లేవు. పని చేసేవారిలో చాలామంది ఆశ్రమవాసులే. వారికి పని కూడా సాధనలో భాగమే. తలుపుల గడియలకు, పిడులకు కావలసిన ఇత్తడి కోసం భక్తులిచ్చిన పాత పాత్రలు కరిగించారు. గోడలకు సముద్రపు గుల్లల పొడి కలిపిన తెల్లని పూత పూశారు. గదులలో నునుపు చేసిన నల్లని కడప బండలు పరచారు. పేరు గోల్కొండది, నేల కడపది!

కానీ అసలు నేర్పు కంటికి కనిపించనిది. పుదుచ్చేరిలో ఎండకు తోడు ఉక్క కూడా ఎక్కువ. అందుకని భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవుగా, సన్నగా నిలిపారు. ఉదయపు ఎండ, సాయంకాలపు ఎండ దాని కురుచ గోడలనే తాకుతాయి. పొడవైన ఉత్తర, దక్షిణ ముఖాలు రెండింటికీ తిప్పడానికి వీలైన పలకలు అమర్చారు. వాటిని విప్పితే గాలి గదిలోకి వచ్చి, సందులు గల టేకు జారుడు తలుపుల గుండా నడవాలోకి పోయి, అవతలి వైపు నుండి వెలుపలికి సాగిపోతుంది. వాన వస్తే వాటిని మూయవచ్చు. కప్పు కూడా రెండు పొరలు: కాంక్రీటు పలక మీద వంపు తిరిగిన పెంకులు, రెంటి నడుమ గాలి ఆడే ఖాళీ. ఎండ వేడి ఆ ఖాళీలోనే చాలావరకు ఆగిపోతుంది. 1940ల తొలి సంవత్సరాలలో భవనం పూర్తయింది. చండీగఢ్ నిర్మాణం అప్పటికి ఊహలోనైనా లేదు. భారతదేశపు తొలి ఆధునిక కాంక్రీటు కట్టడాల చరిత్ర వ్రాసేవారు నేడు గోల్కొండను విడిచిపెట్టలేరు.

ఈ పని నడుమనే నకషిమా ఆశ్రమవాసి అయ్యారు. తాను ఇస్తున్నదానికంటె పొందుతున్నదే ఎక్కువని తోచి, జీతం తీసుకొనడం మానివేశారు. శ్రీ అరవిందులు ఆయనకు సుందరానందుడని పేరు పెట్టారు. సౌందర్యంలో ఆనందం పొందేవాడని అర్థం. గదులకు కావలసిన బల్లలు, కుర్చీలు, మంచాల నమూనాలు ఆయనే గీశారు. అవసరానికి మించి ఒక్క గీత కూడా లేని టేకు సామాను అది. కాగితం మీద భవనాలు గీసే మనిషి మొట్టమొదట చెక్కతో చెలిమి చేసినది ఇక్కడే.

యుద్ధ మేఘాలు కమ్ముతున్న 1939లో ఆయన పుదుచ్చేరి విడిచారు. సామర్ మరికొంతకాలం పని నడిపించాడు. నకషిమా జపాను మీదుగా స్వదేశం చేరి, 1941లో వివాహం చేసుకొని, సియాటిల్‌లో చిన్న వడ్రంగి పనిశాల పెట్టారు. అది నిలదొక్కుకొనకముందే యుద్ధం అమెరికాను తాకింది. జపాను సంతతివారు లక్షకు పైగా నిర్బంధ శిబిరాలకు తరలింపబడ్డారు. వారిలో అధికులు అమెరికా పౌరులే. 1942లో నకషిమా దంపతులు పసికందు మీరాతో సహా ఐడహో రాష్ట్రంలోని ఎడారి నేలలో ఉన్న మినిడోకా శిబిరం చేరారు.

ముళ్లకంచె వెనుక ఆయనకు ఒక గురువు దొరికాడు. గెంటారో హికోగావా అనే ఆ వడ్రంగి జపాను సంప్రదాయం ఎరిగినవాడు. ఉలి ఎలా పట్టాలో, మేకు లేకుండా చెక్కను చెక్కతో ఎలా కలపాలో ఉన్నత పట్టం గల వాస్తుశిల్పి ఆ వడ్రంగి పక్కన కూర్చుని నేర్చుకొన్నారు. పారవేసిన చెక్కముక్కలు, ఎడారిలో మొలిచిన పొదల కర్రలు వారి సరకు. పనికిరానిదని లోకం తోసివేసినదానిలో పనికివచ్చేదానిని వెదకే చూపు అక్కడ స్థిరపడింది.

1943లో పాత యజమాని రేమండ్ పూచీపడి ఆయనను విడిపించి, పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ వద్ద తన పొలానికి పిలిపించుకొన్నారు. ఆ ప్రాంతంలోనే నకషిమా తరువాతి జీవితమంతా గడిచింది. ఇతర వడ్రంగులు కోసి పారవేసే వంకర అంచును ఆయన అలాగే ఉంచారు. పగులు వస్తే దాచలేదు. అది మరింత పాకకుండా సీతాకోకచిలుక ఆకారంలో ఒక చెక్క బందు దిగవేసి, పగులును అందరికీ కనబడనిచ్చారు. నేలకూలిన చెట్టుకు బల్ల రూపంలో రెండవ జన్మ నివ్వడమే తన వృత్తి ధర్మమని ఆయన తలచారు. 1964లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ ఆహ్వానంపై మరల భారతదేశం వచ్చి, అక్కడి పనివారికి నమూనాలు ఇచ్చారు.

1984లో ఒక బ్రహ్మాండమైన వాల్‌నట్ మాను ఆయన చేతికి వచ్చింది. దానిని చూడగానే ఆయనకొక సంకల్పం కలిగింది: ఒక్కొక్క ఖండానికి ఒక్కొక్క శాంతి పీఠం చేయాలి. తొలి పీఠం 1986లో న్యూయార్కులోని సెయింట్ జాన్ కెథీడ్రల్‌లో వెలసింది. మిగిలినవాటిని చూడకుండానే 1990లో ఆయన కన్నుమూశారు. శిబిరంలో పసికందుగా ఉన్న మీరా ఆ పనిని అందుకొన్నారు. ఆసియా ఖండానికి ఉద్దేశించిన పీఠం 1996లో పుదుచ్చేరికి ఉత్తరాన ఉన్న ఆరోవిల్‌కు చేరింది. జీతం వద్దని పనిచేసిన యువకుని చేతి సంకల్పం, అర్ధశతాబ్దం దాటిన పిమ్మట, ఆ యువకుడు విడిచిపోయిన తీరానికే తిరిగి వచ్చింది.

గోల్కొండ నేటికీ ఆశ్రమ అతిథుల నివాసమే. అది విహారస్థలం కాదు. లోపల చూడాలంటే ముందుగా అనుమతి పొందాలి, మౌనం పాటించాలి. గోడ మీద కట్టినవారి పేర్ల కోసం వెదకేవారికి నిరాశ తప్పదు. మధ్యాహ్నపు ఎండలో వీథి మండిపోతున్నప్పుడు లోపల ఎవరో ఒకరు పలకలను కొద్దిగా తిప్పుతారు. నల్లని కడప బండల మీద వెలుగు చారలు పడతాయి. సముద్రపు గాలి ఒకటి గది దాటి, నడవా దాటి, ఎవరినీ పలకరించకుండా తోటలోకి వెళ్లిపోతుంది. ఆ గాలికి దారి ఇవ్వడం కోసమే ఒకనాడు ఇందరు ఇంత శ్రమించారు.