కుర్సురాలో వైర్‌లెస్ గది

అల్లవరం బడిపిల్లల్ని విశాఖ తీసుకెళ్తే ముందు కైలాసగిరి అంటారనుకున్నాను. ఓడలరేవు కుర్రాళ్లు మాత్రం సబ్‌మెరైన్ దగ్గరికే పదమన్నారు. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసేచోట పుట్టినవాళ్లకు బీచ్‌లో కొత్తగా చూసేదేముంటుంది?

రామకృష్ణా బీచ్ ఒడ్డున నిలబెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురా పొడవు 91 మీటర్లు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. లోపల ఒక అర నుంచి ఇంకో అరలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప కన్నంలోంచి ముందు ఒక కాలు, తర్వాత వంచిన తల, ఆఖర్న రెండో కాలు. పిల్లలకు ఆట, నాకు నడుం నొప్పి. తలపైనా పక్కలా పైపులే, వాటి సందుల్లోనే పడకలు. ఇందులో 75 మంది బతికేవారు.

వైర్‌లెస్ గది ముందు ఒకడు కదలనన్నాడు. వాళ్ల నాన్న బోటులో వీహెచ్‌ఎఫ్ సెట్టు ఉంది మరి.

“ఇక్కడ కూకుని రోజంతా మాటాడేవోరాండీ?”

గైడు నేవీలో చేసి రిటైరైన మనిషి. “మాటాడితే దొరికిపోతాం బాబూ. వినడమే పని” అన్నాడు.

మామూలు రేడియో తరంగాలు ఉప్పునీళ్లలో సాగవు. కబురు పంపాలంటే పైకొచ్చి ఏరియల్ బయటపెట్టాలి. పంపితే, అది ఏ దిక్కునుంచి వస్తోందో పట్టి శత్రువు జాడ తీస్తాడు. అందుకని హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రాడు వచ్చినవన్నీ రాసుకుంటాడు, తను మాత్రం ఉలకడు పలకడు.

శత్రువూ ఇలాగే వింటూ ఉంటాడన్న లెక్క మీదే 1971 పాకిస్తాన్ యుద్ధంలో మనవాళ్లు వల వేశారు. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం నవంబరు 14న కరాచీలో బయల్దేరింది. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచేసి, ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌తో విక్రాంత్‌లా వైర్‌లెస్ సందడి చేయించారు. పైగా విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతున్నట్టు ఒక టెలిగ్రాం, కోడ్ లేకుండా, కావాలనే వదిలారు. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ తర్వాత రాసుకున్న సంగతే ఇది. ఎత్తు గొప్పదే. అయినా దానికి అమ్మ జబ్బును ఎర వేయడం నాకెందుకో గొంతు దిగలేదు.

డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ రేవు ముఖద్వారం బయట గాజీ పేలి మునిగింది. రాజ్‌పుత్ నీళ్లలోకి వదిలిన డెప్త్ చార్జీలే కారణమని మనం, లోపలి పేలుడో తామే పెట్టిన మైనో అని పాకిస్తాన్ వాళ్లు. 93 మందిలో ఒక్కడూ మిగల్లేదు. డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర వాళ్ల జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. రెండింట్లోనూ ఆ పూట వైర్‌లెస్ డ్యూటీ మీద ఎవరో ఒక కుర్రాడు ఉండే ఉంటాడు, ఎవరో ఒక తల్లి కొడుకు.

“మరి గాజీ మునిగిందని ఎలా తెలిసిందండీ? వైర్‌లెస్‌లోనా?” మళ్లీ ఆ ఓడలరేవు వాడే.

“కాదు. నీళ్లమీద తేలే తెట్టు, లైఫ్‌జాకెట్టు చూసి వేటకెళ్లినోళ్లు తెచ్చి చెప్పారు. డైవర్లు ఆ తర్వాతే దిగారు.”

“ఆయ్, మావోళ్లే” అన్నాడు వాడు, పక్కవాడి భుజం మీద ఒక్కటిచ్చి.