గళ్ళ చొక్కా

బెజవాడ ఎండల్లో బతికే మనిషికి చలిచొక్కాతో పనేమిటని మా పక్కింటావిడ ఒకటే నవ్వు. ఆవిడ తప్పేం లేదు లెండి. ఫిబ్రవరి నెలాఖరు, పొద్దున్న ఏడయ్యేసరికే చెమటలు మొదలవుతున్నాయి. నేనేమో పొడుగు చేతుల చలిచొక్కా తొడుక్కుని, వీపుకి బ్యాగు తగిలించుకుని మా అపార్ట్‌మెంట్ అయిదంతస్తుల మెట్లు ఎక్కి దిగుతున్నాను. చూసినవాళ్ళకి నవ్వొస్తుంది మరి.

ఆ చొక్కా వెనక అయిదేళ్ళ కథ ఉంది.

2018 మే నెలలో మా ఆడపడుచు వాళ్ళతో కలిసి మొత్తం తొమ్మిది మందిమి కేదార్‌నాథ్ వెళ్ళాం. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్ల నడక. చలికి భయపడి నేను గట్టిగానే తయారయ్యాను. లోపల కాటన్ బనియన్, దాని మీద కాటన్ పంజాబీ డ్రెస్సు, పైన మందపాటి స్వెటరు, ఆపైన శాలువా, అన్నిటి మీదా ప్లాస్టిక్ రెయిన్‌కోటు. ఇంకేం చలి వేస్తుందనుకున్నాను. నిజంగానే వేయలేదు. ఎక్కుతున్నంతసేపూ ఒళ్ళంతా ఉడికిపోయింది, వీపు మీద చెమట ధారలు కట్టింది.

ఆరు కిలోమీటర్లు ఎక్కి భీంబలి దగ్గర టీ తాగడానికి కూర్చున్నాం. టీ పూర్తికాకుండానే వణుకు పట్టుకుంది. ముందు చేతులు, తర్వాత దవడలు. గ్లాసు పట్టుకోలేకపోయాను. పైనుంచి సన్నగా వాన. మావారు నా మొహం చూసి గాభరాపడిపోయి, గుర్రం మాట్లాడి కిందికి దింపేశారు. ఆయనా నాతోపాటే దిగిపోయారు. మిగతా ఏడుగురూ ఎక్కి, దర్శనం చేసుకుని మర్నాడు వచ్చారు.

నన్ను ఎవరూ తిట్టలేదు. కానీ ఆ తర్వాత ఏ పెళ్ళిలో కలిసినా, ఏ పేరంటంలో కలిసినా ఆ మాట రాకుండా ఉండేది కాదు. "పాపం, వదిన వల్ల అన్నయ్యకి దర్శనం తప్పింది" అనేది మా ఆడపడుచు. జాలిగానే అనేది. "దాని ఒళ్ళు తట్టుకోలేదులే" అని మావారు నన్ను వెనకేసుకొచ్చేవారు. ఆయన వెనకేసుకురావడమే నాకు ఎక్కువ గుచ్చుకునేది. వినగా వినగా నాక్కూడా నమ్మకం కుదిరిపోయింది, నా ఒళ్ళు అంతేనని.

2023 సంక్రాంతికి మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. ఉద్యోగంలో చేరాక కొండలెక్కడం పట్టుకుంది అది. సర్దుకుంటున్న దాని బ్యాగులో పల్చటి చొక్కా ఒకటి కనిపించింది. లోపలి వైపంతా చిన్న చిన్న చదరాలు, అట్లకాడతో గీసి ముక్కలు కోసిన మైసూర్‌పాక్ పళ్ళెంలా ఉంది. గ్రిడ్ ఫ్లీస్ అంటారట. మంచు కొండల మీద కూడా ఒంటికి ఆనేది ఇదొక్కటే వేస్తానంది.

"ఇంత పల్చటిదా? నేను అన్నేసి వేసుకునీ వణికిపోయాను కదే!"

"ఒంటికి ఆనుకుని ఏం వేసుకున్నావమ్మా?"

చెప్పాను. అది నెత్తి కొట్టుకుంది. "కాటన్ చెమటంతా పీల్చుకుని పట్టుకుంటుంది. పైన రెయిన్‌కోటు వేసి ఆ తడి బయటికి పోకుండా మూత పెట్టావు. తడిగుడ్డ చుట్టుకుని చల్లగాలిలో కూర్చున్నట్టేగా!"

నాకు టక్కున మా అమ్మమ్మ ఇంట్లో మంచినీళ్ళ కుండ గుర్తొచ్చింది. వేసవిలో దానికి తడిగుడ్డ చుట్టేది. తడి ఆరుతూ ఆరుతూ కుండలో వేడి లాగేసుకుంటుంది. అంటే ఆ రోజు నేను కొండ మీద కుండనయ్యానన్నమాట. ఎండాకాలం మనల్ని కాపాడే కాటన్ గుణమే అక్కడ నన్ను గడ్డకట్టించింది. గౌరీకుండ్ ఆరున్నర వేల అడుగుల ఎత్తు, కేదార్‌నాథ్ 11,750 అడుగుల పైమాటే. కిలోమీటరు ఎత్తుకి ఆరేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుందట.

"మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిందంటే, కాటన్ పంజాబీ డ్రెస్సులో ఎక్కిందనుకున్నావా?" అంది మా పిల్ల.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు నా ఒంటిది కాదేమో, నా బట్టలదేమో! అయిదేళ్ళుగా ఈ మాట ఎవరికీ తట్టలేదు, నాతో సహా. మర్నాడు పొద్దున్నే మావారితో, "అక్టోబరులో మళ్ళీ వెళ్దామండీ" అన్నాను. ఆయన పేపరు మడిచి నా వంక చూసి, "సరే, చూద్దాం" అన్నారు.

ఇక చొక్కా వేట మొదలైంది.

ఈ ఫ్లీస్ అనే గుడ్డ 1980 ప్రాంతంలో అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్ మిల్స్‌లో పుట్టింది. పోలార్‌టెక్ అనే పేరు అక్కడిదే. గళ్ళ రకం తర్వాత వచ్చింది. ఉబ్బెత్తుగా ఉన్న చదరాలు గాలిని పట్టి ఉంచి వెచ్చదనం ఇస్తాయి, మధ్యనున్న కాలవల్లోంచి చెమట ఆవిరి పోతుంది. పాలియెస్టర్ తన బరువులో నూటికి ఒక వంతు నీరు కూడా పీల్చదు కాబట్టి త్వరగా ఆరుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ధర చూస్తేనే కళ్ళు తిరిగాయి. పేరున్న పరదేశీ కంపెనీల చొక్కాలు పదివేలు దాటి ఉన్నాయి. మెరీనో ఉన్నివి కూడా తక్కువేం కాదు. మా అమ్మాయి తనది ఆఫీసులో ఎవరి దగ్గరో వాడినది సగం ధరకి కొనుక్కుందట. "నేను కొనిపెడతానమ్మా" అంది. వద్దన్నాను. పెళ్ళికి కట్టే చీరకైతే పదివేలు పెట్టేదాన్నేమో కానీ, లోపల వేసుకునే చొక్కాకి చెయ్యి రాలేదు. ఎవరికీ కనపడనిదాని మీద ఖర్చు పెట్టుకోవడం మనకి అలవాటు లేదు కదా!

మొదట మా బజారులో పెద్ద బట్టల కొట్టుకి వెళ్ళి, "గళ్ళ ఫ్లీస్ చొక్కా కావాలి బాబూ" అన్నాను. ఆ అబ్బాయి లోపలికెళ్ళి పది నిమిషాలు వెతికి, ఎర్రగళ్ళ కాలేజీ చొక్కా తెచ్చి చూపించాడు.

తర్వాత రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మేచోట 350 రూపాయలకి మెత్తటి ఫ్లీస్ ఒకటి కొన్నాను. కొన్నప్పుడు పిల్లిపిల్లలా ఉంది. ఒక్క ఉతుకుకే ఉండలు కట్టింది. పైగా అది దుప్పటి గుడ్డంత మందం. దాన్ని మా అత్తగారికిచ్చాను, తెల్లవారుజామున పూజకి లేచినప్పుడు హాయిగా వేసుకుంటున్నారు. వస్తువు చెడ్డది కాదు, నా పనికి కాదు, అంతే.

మూడోసారి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫొటోలో చక్కగా గళ్ళున్నాయి. ఇంటికొచ్చాక లోపల తడిమి చూస్తే నున్నగా ఉంది. గళ్ళు గుడ్డ మీద అచ్చువేసినవి! వెనక్కి పంపిస్తే డబ్బులు రావడానికి మూడు వారాలు పట్టింది.

ఆ దెబ్బతో తెలివొచ్చింది. గుడ్డని ఎలా చూడాలో మా అమ్మాయిని అడిగి నేర్చుకున్నాను. లోపలి వైపు తిప్పి వేలితో రాస్తే చదరాలు ఎత్తుగా తగలాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కాలవల దగ్గర వెలుగు కనపడాలి. లేబుల్ మీద పాలియెస్టర్, సాగడానికి కాస్త ఎలాస్టేన్ ఉండాలి, కాటన్ కలవకూడదు. ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి కానీ బిగుసుకోకూడదు. బరువు తక్కువుండాలి.

ఫిబ్రవరిలో మా చెల్లెలింటికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఊరి చివర పెద్ద స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాం. చలికాలం సరుకు తగ్గింపులో పెట్టారు. ఆడవాళ్ళ వైపు నా కొలత ఒక్కటీ లేదు. మా చెల్లెలు మగవాళ్ళ వైపు లాక్కెళ్ళి, "లోపల వేసుకునేదానికి ఆడా మగా ఏంటక్కా?" అంది. అక్కడ దొరికింది, బూడిద రంగుది. లోపల చదరాలు చేతికి తగిలాయి. 1,099 రూపాయలు. చేతులు కొంచెం పొడుగు. అయితేనేం, చలికి వేళ్ళ దాకా లాక్కోవచ్చు. రెండు తీసుకున్నాను. ఒకటి నడవడానికి, ఇంకొకటి రాత్రికి పొడిగా మార్చుకోవడానికి. చీటీ డబ్బుల్లో మిగిలింది దానికే సరిపోయింది.

ఇంటికి రాగానే నా పరీక్షలు నేను పెట్టాను. వంటింటి త్రాసు మీద తూచాను, 240 గ్రాములు. కాటన్ బనియన్‌తో కలిపి తడిపి, మెషీన్‌లో తిప్పి, నీడలో పక్కపక్కనే ఆరేశాను. చొక్కా పూర్తిగా ఆరేటప్పటికి బనియన్ అంచులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. రోజూ మెట్లెక్కి, చెమట పట్టాక ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. "కరెంటు బిల్లు కేదార్‌నాథ్ దాకా వెళ్తుంది" అనేవారు మావారు. "మీకూ ఒకటి తెస్తానండీ" అంటే, "నలభై ఏళ్ళుగా బనియనే, నాకేం కాలేదు" అన్నారు.

అక్టోబరులో బయల్దేరాం. ఇద్దరమే. పొద్దున్న అయిదింటికి గౌరీకుండ్‌లో నేను ఒంటి మీద గళ్ళ చొక్కా, పైన పల్చటి గాలి జాకెట్, అంతే. స్వెటరు బ్యాగులో. మొదటి పావుగంట చలేసింది. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉండాలి, ఉడుకుపోస్తే వెంటనే పైది తీసెయ్యాలి, కూర్చున్న మరుక్షణం తొడుక్కోవాలి. మా అమ్మాయి ఈ మూడు ముక్కలూ నాచేత అప్పజెప్పించుకుని మరీ పంపింది.

భీంబలిలో మళ్ళీ టీ. జాకెట్ వేసుకుని కూర్చున్నాను. చెప్పొద్దూ, గ్లాసు పట్టుకున్నానే కానీ ధ్యాసంతా వణుకు మీదే. అయిదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. వీపు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను, కాస్త చెమ్మ, అంతే. వణుకు రాలేదు. నా కళ్ళు తడిశాయి. పొగ అని చెప్పాను మావారికి.

అంతా చొక్కా మహిమే అనను. ఎనిమిది నెలలు మెట్లెక్కాను. ఈసారి వాన లేదు. కానీ మనిషి అదే, ఒళ్ళూ అదే.

ఇంకో అయిదు కిలోమీటర్లు పైకెక్కి లించోలీ చేరాక మావారు మాట్లాడటం మానేశారు. చూస్తే పెదవులు వణుకుతున్నాయి. బనియన్ పిండితే నీళ్ళు కారేలా ఉంది. బ్యాగులోంచి రెండో చొక్కా తీశాను. ఆయన బక్కపలచటి మనిషి కాబట్టి సరిపోతుంది. "ఆ టీ కొట్టు వెనక్కెళ్ళి బనియన్ విప్పేసి ఇది వేసుకు రండి" అన్నాను. ఎదురు చెప్పలేదు. పావుగంటకి గ్లాసు పట్టుకున్న చెయ్యి నిలబడింది. "చేతులు పొడుగున్నాయి" అన్నారు, అంతే.

సాయంత్రం నాలుగింటికి చేరాం. గుడి వెనక మంచు కొండ, ఎర్రటి ఎండ. ఆ రాత్రి నాకు పొడి చొక్కా లేదు. ఒంటి మీదున్నదే మీద స్వెటరు వేసుకుని పడుకుంటే గంటలో ఆరిపోయింది. పక్కన ఆయన చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నారు. "చేరామమ్మా... లేదు, గుర్రం కాదు, నడిచే... మీ వదిన బాగానే ఎక్కింది. నాకే మధ్యలో చలి పట్టుకుంది. అప్పుడు కూడా ఒళ్ళు కాదే, బట్టలు!"

దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

ఇప్పుడు ఆ రెండు చొక్కాలకీ మా ఇంట్లో మర్యాద ఎక్కువ. తిరగేసి చన్నీళ్ళలో ఉతుకుతాను. మెత్తదనానికి పోసే లిక్విడ్ వాడను, అది గుడ్డకి పట్టేస్తే చెమట లాగే గుణం తగ్గుతుంది. ఇస్త్రీ అసలు పెట్టను. అన్నట్టు, ఇది వేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళకండి. పాలియెస్టర్ కదా, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. డిసెంబరు పొద్దుటిపూట పాలకి వెళ్ళేటప్పుడు మావారు అడక్కుండానే తనది తొడుక్కుంటున్నారు.

మొన్న ఆడపడుచు ఫోన్ చేసింది. వచ్చే ఏడాది అమర్‌నాథ్ అనుకుంటున్నారట. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో నెమ్మదిగా అడిగింది. "వదినా, ఆ గళ్ళ చొక్కా ఎంతకి దొరికిందేమిటి?"

"ఫిబ్రవరి దాకా ఆగమ్మా, తగ్గింపు పెడతారు. ఇద్దరం వెళ్దాం" అన్నాను.