చక్రముల చూపు

మా యింట నొక పాత కారు గలదు. ఇంగ్లండులో ఆబింగ్డన్ పట్టణమందు 1962 మొదలు 1980 వరకు తయారైన ఎం.జి.బి. అను జాతిది, ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. నల్లగొండ వీధులలో దానిని చూచినవారు సినిమావారి బండి యనుకొందురు. అట్టి బండి యున్నదని మాకు గర్వము; దాని పనులన్నియు మా చేతులతోనే చేసికొందుమని అంతకు మించిన గర్వము. ఈ రెండవ గర్వమును గూర్చియే యీ నాలుగు మాటలు.

పందెపు బాట మన నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో లేదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ప్రక్కన విద్యుత్తు కార్ల పందెము జరిగినమాట నిజమే గాని, అది ఊరి వీధులకే కంచెలు కట్టి జరిపినది. మరుసటి యేటిది రద్దయ్యెను. కనుక మావంటి వారు చెన్నపట్టణపు చేరువనున్న ఇరుంగాట్టుకోట్టైకి పోవలసినదే. పూర్వము షోలవరములో యుద్ధకాలపు విమానముల దిగుబాటపై పందెములు జరుపుచుండిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు వారిదే యీ బాటయు. 1990లో తెరచిరి. పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పండ్రెండు. మేము పందెగాండ్రము కాము. సాధన దినమున నాలుగు చుట్లు తిరిగి వచ్చువారము.

బండి ముందు చక్రములు రెండును చూపునకు సమాంతరముగా నున్నట్లే యుండును. నిజమునకు వాని ముందంచులు వెనుకంచులకన్న సుమారు రెండు మిల్లీమీటర్లు దగ్గరగా నుండవలెనని తయారుచేసినవారి నియమము. మెకానిక్కులు దీనిని టో-ఇన్ అందురు. మా యింట 'లోచూపు' అను పేరు నిలిచినది. వెనుక చక్రములు నెట్టెడి బండి గనుక నడకలో నేల రాపిడికి ముందు చక్రములు కొంచెము వెలికి విచ్చుకొనును. లోచూపు ఆ విచ్చుకొనుటకు ముందుగా నిచ్చిన బయానా. దానివలన బండి తిన్నగా పోవును. కాని పందెపు బాటలో తిన్నగా పోవుట మొండితనమే. మలుపు వచ్చిన తోడనే బండి ముక్కు లోనికి తిరుగవలెను. అందుచే నచ్చట నడుపువారిలో పలువురు లోచూపు తీసివేసి, కొలదిగా 'వెలిచూపు' పెట్టుకొందురు.

వాలు సంగతి వేరు. ఈ బండి చక్రముల తలలు పుట్టుకతోనే ఒక డిగ్రీ వెలుపలికి వాలియుండును. మలుపులో బండి యొరిగినపుడు వెలుపలి టైరు అంచు మీదనే నిలువబడి పట్టు తప్పును. తల ముందే కొంచెము లోనికి వాలియున్నయెడల ఒరిగినపుడు టైరు నేలకు చదునుగా నానును. ఈ బండిలో వాలు మార్చుటకు నట్టులు లేవు. పైకీలులోని బుషులనే తీసి, కేంద్రము జరిగిన బుషులు వేయవలెను. వానిని తెప్పించి వేసితిమి.

కొలుచుటకు మొదట నొక టైర్ల దుకాణమునకు పోయితిమి. అచటి కంప్యూటరులో మా బండి పేరు లేదు. దుకాణదారుడు మరియొక కారు బొమ్మను ఎన్నుకొని, తెరమీద ఆకుపచ్చ రంగు రాగానే రసీదు చింపి యిచ్చెను. పక్కన నిలుచున్న మా అమ్మాయి, "అది వేరే బండి లెక్క కదా?" అని యడుగగా నతడు మా ముఖము చూచి బదులు చెప్పెను, ఆమె ముఖము చూడలేదు. ఇంజనీరింగు చదువుచున్న పిల్ల. ఆనాటి నుండి ఆ దుకాణము గడప తొక్కలేదు.

ఇంటికి వచ్చి మేమే కొలిచితిమి. తాపీ పనివారి నీటిగొట్టముతో నేల మట్టము చూచి, పల్లమున్న చోట చెక్కలు వేసి, బండి కిరుప్రక్కల చేపలు పట్టు దారమును సమాంతరముగా లాగి కట్టి, దారము నుండి చక్రపు ముందంచునకును వెనుకంచునకును దూరములు కొలిచితిమి. వాలునకు తూకపు గుండు చాలును: పదునాలుగంగుళముల చక్రమునకు ఒక డిగ్రీ యనగా సుమారు ఆరు మిల్లీమీటర్లు. ఒక్కొక్క చక్రమునకు రెండేసి మిల్లీమీటర్ల వెలిచూపు పెట్టితిమి. ఆశ చేత కొంత యెక్కువయే పెట్టితి మని యిప్పుడొప్పుకొనవలెను. అమ్మాయి లెక్క కట్టినది: ఆ కొలతతో కిలోమీటరు నడచినప్పుడెల్ల టైరు అయిదున్నర మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినట్లే. ఐదువందల కిలోమీటర్లకు ఒకటిన్నర మైలుకు తక్కువ గాదు, "అంత దూరము అడ్డంగా పోతది నాన్నా" అనెను. పోవునపుడు లోచూపుతో పోయి, అక్కడ మార్చుకొని, వచ్చునపుడు మరల మార్చుకొందమని తీర్మానించితిమి.

బయలుదేరు వేళ మా తల్లిగారు నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు పెట్టించిరి. మేము మూఢాచారములను ఖండించుచు వ్యాసములు వ్రాసినవారము గనుక నవ్వితిమి.

బాటమీది మాట క్లుప్తముగా చెప్పుదుము: బండి గాలిపటము వలె తిరిగినది, మేము పదునెనిమిదేండ్ల వారమైతిమి. మరునాడు తెల్లవారుసరికి కార్తికపు ముసురు. "దారం కట్టుదామా నాన్నా?" అని అమ్మాయి యడిగినది. తడిలో నెవరు కూర్చుందురు, ఈ బండి మాకు తెలియదా, యింటికి పోయి చూతమంటిమి.

నెల్లూరు, ఒంగోలు, అద్దంకి దాటువరకు స్టీరింగు చేతులలో గింజుకొనుచునే యుండెను. వాడపల్లి కడ కృష్ణ దాటునప్పటికి చీకటి పడినది. అక్కడి నుండి మిర్యాలగూడ వరకు మిల్లులకు పోవు వడ్ల బండ్ల వరుస. లారీల బరువునకు తారు చాళ్లు పడి యున్నది. వెలిచూపు చక్రము చాలును విడువదు. ఎటు చాలైన నటు పోవును. ఎదుట వెనుకదీపము లేని ట్రాక్టరు. మేము కుడికి త్రిప్పితిమి. ఒక చక్రము చాలు పట్టి యెడమకు లాగెను. తొట్టెకు మూరెడు దూరమున, సగము బండి తారు దిగి, ఆగితిమి. ఆ మూర అమ్మాయి కూర్చున్న వైపు.

ట్రాక్టరు పిల్లవానికి ఏమి జరిగినదో తెలియనే లేదు, సాగిపోయెను. అమ్మాయి దిగి, ఫోను వెలుతురున ముందు టైర్లను తడిమి, మమ్ము పిలిచినది. వెలుపలి గాళ్లు కొత్తవి. లోపలి అంచున నారపోగులు తేలినవి. ఆమె మమ్మొక్క మాట యనలేదు. అన్నయెడల బాగుండెడిది.

ఇల్లు చేరగా మా తల్లిగారు నిమ్మకాయలే కాపాడిన వనిరి. కాదనుటకు మాకు నోరు రాలేదు. ఆమె నమ్మకమునకు నాలుగు కాయలు ఖర్చు. 'మాకు తెలియదా' యను మా నమ్మకమునకు ఖర్చు ఎంత కాబోయెనో ఆ రాత్రి పడుకొని లెక్క వేసికొంటిమి.

ఇప్పుడు షెడ్డు గోడమీద బొగ్గుతో రెండు వరుసల అంకెలున్నవి: 'రోడ్డు', 'బాట'. వ్రాత అమ్మాయిది. తాళము కూడ ఆమె వద్దనే యుండును. కొలిచి, రెండు కడ్డీల లాకునట్టులును బిగించిన తరువాతనే మాకిచ్చును. మొన్న మరల ప్రయాణము వచ్చినది. నిమ్మకాయలతో వచ్చిన నాయనమ్మను అమ్మాయి స్టూలుమీద కూర్చుండబెట్టి, దారపు కొన చేతికిచ్చినది.

"ఎంత గట్టిగ పట్టాలె బిడ్డా?" అని ముసలామె యడిగినది.

"కదలకుంటె చాలు నాయనమ్మా" అని అమ్మాయి బండి ముందు మోకరిల్లినది.