చెంచా కొలత

మా జగ్గయ్యపేట, నందిగామలు మెట్టసీమ. వేసవి యెండ ప్రాణములను తోడివేయును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు, తరవాణియు చెమటతో పోయిన నీటిని, లవణమును మరల నిచ్చును. వీనికి ధనముతో పనిలేదు.

పసిబిడ్డకు విరేచనములు పట్టినప్పుడు మాత్రము కొలత ముఖ్యము. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున దొరకు ఓఆర్‌ఎస్ పొట్లమే ఉత్తమము. అది చేతికందువరకు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో, అంచువరకు సమముగా నింపిన చిన్న చెంచాతో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. పంచదార హెచ్చినచో విరేచనము హెచ్చును. ఉప్పు హెచ్చినచో ప్రాణాపాయము. బిడ్డ మగతగా నున్నచో తక్షణమే వైద్యుని కడకు గొనిపోవలెను.

అంగళ్లలో ఓఆర్‌ఎస్ అను పేరుతో తియ్యని పానీయములు చాలకాలము అమ్ముడుపోయినవి. హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడగా, ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రము ననుసరింపని పానీయములకు ఆ పేరు తగదని కేంద్ర ఆహారభద్రతా సంస్థ 2025 అక్టోబరులో శాసించినది. పేరు చూచి కొన్న తల్లిదేమి తప్పు?

మేము మా తరగతిలోని బాలబాలికలచేత ఈ కొలతను ఎక్కములతోపాటు వల్లె వేయించుచున్నాము. తల్లి పొలమునకు పోయిన వేళ తమ్ముని కాపాడవలసినది వారే గదా!