బాకీ కింద చెల్లు

చిట్టమూరు 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారింది గానీ రొయ్యల గుంటల ఖాతా మారలేదు. పిల్ల అప్పు, మేత అప్పు, డీజిల్ అప్పు... పట్టుబడి రోజున అన్నీ కోసుకుని మిగిలితే చేతిలో పెడతారు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి కోస్తా గుంటలను ఊడ్చేసినప్పుడు చాలామందికి మిగిలింది అప్పే.

అలాంటి రైతు ఒకాయన, మేత ఇచ్చిన కంపెనీకే పొలం అమ్మాడనుకుందాం. ధర ఆరు లక్షలు. కంపెనీ లెక్కలో ఆయన బాకీ నాలుగు లక్షలు. చేతికొచ్చింది రెండు. దస్తావేజులో మాత్రం ఆరు లక్షలూ రొక్కంగా ముట్టినట్టు రాశారు. ఆయన సంతకం పెట్టేశాడు. ఇంటికొచ్చాక భార్య అడిగింది.

"పోయినేడు బాకీ రెండున్నరే గదయ్యా, నాలుగెట్లయింది?"

బాకీని ధరలో చెల్లు వేసుకోవడం తప్పేమీ కాదు. ఇద్దరూ ఒకరికొకరు బాకీ ఉన్నప్పుడు సొమ్ము బల్ల మీద అటూ ఇటూ తిప్పక్కర్లేదని ఇంగ్లండులో 1873లోనే స్పార్గో కేసులో తేల్చారు. అదీ ఓ గని అమ్మకమే, కొన్నది ఓ కంపెనీయే. కానీ అక్కడ లెక్క ఇద్దరూ ఒప్పుకున్నది. ఇక్కడ లక్షన్నర వడ్డీ ఒకరు వేసిందే.

పోనీ, సొమ్ము పూర్తిగా ముట్టలేదని అమ్మకం రద్దు చేయించుకోవచ్చా? అదంత తేలిక కాదు. హక్కు బదలాయించే ఉద్దేశం ఉంటే, ధర మొత్తం అప్పుడే చెల్లించకపోయినా అమ్మకం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. రావాల్సిన సొమ్ముకు ఆ పొలం మీదే హక్కు ఉంటుందని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటుంది. అయితే సంగతి తెలియని మరొకరికి కంపెనీ ఆ పొలం అమ్మేస్తే ఆ పట్టు కూడా జారిపోతుంది. 'రొక్కంగా ముట్టింది' అన్న మాట అబద్ధమని కోర్టులో రుజువు చేయవచ్చు. ఆ భారం సంతకం పెట్టినవాడిదే.

ఫలానా తేదీకి ఒప్పుకున్న బాకీ ఇంత, అది ధరలో చెల్లు, రొక్కం ఇంత అని దస్తావేజులో రెండు వాక్యాలు రాయించి ఉంటే సరిపోయేది. రాసేవాడికి పది నిమిషాల పని.

ఆయన రెండు లక్షలూ పెట్టెలో పెట్టి తాళం వేస్తుంటే ఆవిడ మళ్లీ అడిగింది.

"బాకీ చెల్లిపోయిందంటున్నావే, మరి నువ్వు రాసిచ్చిన ప్రోనోటు ఏదయ్యా?"

అది ఇంకా కంపెనీ బీరువాలోనే ఉంది.