తోలుబొమ్మలాటకు ఫ్లాష్ పనికిరాదు.. 0.95 లెన్స్ పట్టుకుని నిమ్మలకుంటకు!

తోలుబొమ్మలాటను ఫ్లాష్‌తో ఫొటో తీస్తే ఏమవుతుందో తెలుసా? బొమ్మలు మాయమైపోతాయి! తెర ముందు నుంచి ఒక్కసారి ఫ్లాష్ కొట్టారంటే, ఫొటోలో పడేది తెల్లబట్ట మాత్రమే. ఆ బట్ట వెనక వెలిగే దీపం, దాని ముందు నిలబడ్డ రాముడు, పది తలల రావణుడు.. అందరూ ఆ మెరుపులో కొట్టుకుపోతారు. ఎందుకంటే అక్కడ మనం చూసేది తోలును కాదు, తోలులోంచి ఇవతలికి వచ్చే వెలుగుని.

‘ఫోన్లో నైట్ మోడ్ ఉందిగా’ అంటారా? అది వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక్క ఫొటో చేస్తుంది. కదలని గుడి గోపురానికి అది సూపర్. కానీ హనుమంతుడు లంకలో గంతులేస్తుంటే? తోక ఒకచోట, గద ఇంకోచోట అలుక్కుపోతాయి.

అందుకే నిమ్మలకుంట ప్రయాణం పెట్టుకున్నప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాతో పాటు ఒకే ఒక్క లెన్స్ బ్యాగులో వేసుకున్నా. 35 ఎంఎం, ఎఫ్ 0.95. ఆటోఫోకస్ లేదు. చిప్ లేదు. రింగు మనమే తిప్పుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో పద్నాలుగు వేలకు దొరికింది.

చీరల ఊరికి పక్కనే..

శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం అనగానే అందరికీ పట్టుచీరలే గుర్తొస్తాయి. ఆ మండలంలోనే ఉంది నిమ్మలకుంట. బెంగళూరు నుంచి రైల్లో వచ్చి, ధర్మవరంలో దిగి, ఆటో మాట్లాడుకున్నా. ఊళ్లోకి వెళ్లగానే కొన్ని ఇళ్ల వసారాల్లోంచి టక్ టక్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఉలితో తోలుకు చిల్లులు కొడుతున్న చప్పుడు అది. ఇంట్లో వాళ్లు ఒకరితో ఒకరు మరాఠీ కలిసిన మాట మాట్లాడుకుంటారు, మనతో మాత్రం అచ్చమైన సీమ తెలుగు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు కూడా ఉంది.

మేకతోలును శుభ్రం చేసి, సాగదీసి ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచగా గీకుతారు. దాని మీద బొమ్మ గీసి, రంగులు వేస్తారు. నగలు, కిరీటం, చీర అంచు ఉన్నచోటల్లా రకరకాల ఉలులతో చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే ముత్యాలు, రవ్వలు అయిపోతాయి. భుజాలు, మోచేతులు విడివిడిగా చేసి దారంతో ముడేస్తారు. అందుకే సీత చెయ్యి ఎత్తగలదు, రావణుడు కత్తి దూయగలడు.

ఇప్పుడు ఆ టక్ టక్ చప్పుళ్లలో ఎక్కువ భాగం ల్యాంప్‌షేడ్ల కోసమే. నేను దిగిన ఇంట్లో ఉదయం నుంచి సాయంత్రం దాకా తయారైనవి రెండు దీపపు బుట్టలు, ఒక గోడ బొమ్మ. ఆడించే బొమ్మ ఒక్కటి కూడా లేదు. ‘ఆట ఎవరు అడుగుతాండారు? ల్యాంపులైతే ఆర్డర్లొస్తాయి’ అంది ఇంటావిడ, చేతిలో పని ఆపకుండానే.

0.95 అంటే ఏంటి?

లెన్స్ మీద ఉండే ఎఫ్ నంబర్ ఒక చిన్న భాగహారం. ఫోకల్ లెంగ్త్‌ను వెలుగు లోపలికొచ్చే కన్నం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఆ నంబర్. 35 ఎంఎం లెన్స్‌లో ఎఫ్ 0.95 అంటే దాదాపు 37 మిల్లీమీటర్ల కన్నం. కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్స్ బాగా తెరిచినా ఎఫ్ 3.5 దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండింటికీ వెలుగులో తేడా పదమూడు రెట్ల పైమాటే! జూమ్ చేస్తే కిట్ లెన్స్ కన్నం ఎఫ్ 5.6కి తగ్గిపోతుంది. అప్పుడు తేడా ముప్పై రెట్లు దాటుతుంది.

ఇలాంటి లెన్సులు కొత్తేం కాదు. కెనాన్ కంపెనీ 1961లోనే 50 ఎంఎం ఎఫ్ 0.95 లెన్స్ తెచ్చింది. నాసా కోసం జైస్ తయారుచేసిన ఎఫ్ 0.7 లెన్సులతో స్టాన్లీ కుబ్రిక్ 1975 నాటి ‘బ్యారీ లిండన్’ సినిమాలో కొవ్వొత్తుల వెలుగులోనే సీన్లు తీశాడు. లైకా కంపెనీ నాక్టిలక్స్ ధర ఇప్పటికీ లక్షల్లోనే. మనలాంటి వాళ్ల చేతికి అందేలా చేసింది మాత్రం సెవెన్ ఆర్టిజన్స్, టీటీ ఆర్టిజన్, మిటకాన్ లాంటి చైనా బ్రాండ్లు. మోటార్ ఉండదు, చిప్ ఉండదు, స్టెబిలైజేషన్ ఉండదు. గాజు, లోహం, రెండు రింగులు.. అంతే. చాలావాటిని చిన్న ఏపీఎస్-సీ సెన్సర్‌కు సరిపోయేలా చేస్తారు కాబట్టి ఖర్చు ఇంకా తగ్గుతుంది.

మరి పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కు బదులు మిర్రర్‌లెస్సే ఎందుకు? లోపల అద్దం ఉండదు కాబట్టి లెన్స్ సెన్సర్‌కు బాగా దగ్గరగా కూర్చుంటుంది. డిజైన్ సులువవుతుంది. ఇంకో లాభం, సెన్సర్ చూసేదే తెర మీద మనకూ కనిపిస్తుంది. ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే, స్పష్టంగా ఉన్న అంచుల వెంట ఎర్రటి గీత మెరుస్తుంది. ఒక బటన్ నొక్కితే ఆ భాగం ఎన్నో రెట్లు పెద్దదై కనబడుతుంది. చీకట్లో చేత్తో ఫోకస్ చేయడం కుదిరేది ఈ రెండింటి వల్లే.

ఆముదం దీపం

సాయంత్రం పెరట్లో రెండు కర్రలు పాతి తెల్లబట్ట కట్టారు. పెద్దాయనకు డెబ్బై దాటాయి. మామూలుగా తెర వెనక కరెంటు బల్బు పెడతారట. ‘పాత పద్ధతిలో దీపంతో చూపిస్తారా పెద్దయ్యా?’ అని అడిగా.

‘ఆముదం దీపమా? అది మా నాయన కాలంలోది. బల్బులు వచ్చినాక దాన్ని అడిగినోడే లేడప్పా’ అని నవ్వి, మనవరాలిని లోపలికి పంపారు. ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ప్రమిద వెలిగించి, తనే తాళాలు పట్టుకుని కూర్చుంది.

దీపం పెట్టగానే తేడా తెలిసిపోయింది. బల్బు వెలుగు కదలదు. దీపం గాలికి కాస్త తగ్గుతుంది, కాస్త పెరుగుతుంది. దాంతో తెర మీద బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. యుద్ధం వచ్చేసరికి పెద్దాయన కాలి కింద చెక్కను దబదబా తొక్కారు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పోట్లాడుకున్నారు. వాకిట్లో చేరిన పిల్లలు రాముడికంటే వాళ్లకే ఎక్కువ నవ్వారు.

ఆ వెలుగులో నా సెట్టింగ్ ఇదీ: సెకనులో 125వ వంతు షట్టర్, ఎఫ్ 0.95, ఐఎస్‌ఓ 1600. అదే ఫొటోకు కిట్ లెన్స్‌తో అయితే ఐఎస్‌ఓ 20 వేలు దాటాలి. నల్లటి చోటల్లా ఇసుక చల్లినట్టు నాయిస్ వచ్చేస్తుంది.

ఇంత పెద్ద కన్నం తెరిస్తే ఫోకస్‌లో ఉండే భాగం చాలా పలచన. నా కెమెరాలో మీటరున్నర దూరానికి అది దాదాపు ఏడు సెంటీమీటర్లు. ముఖం ఫొటో తీస్తే ముక్కు, చెవి కలిసి రావడం కూడా అనుమానమే. కానీ తోలుబొమ్మకు మందమే లేదు కదా! తెరకు ఆనించిన బొమ్మ ఒక కాగితం లాంటిది. కెమెరాను తెరకు సమానంగా, ఎదురుగా పట్టుకుంటే చాలు. కిరీటం నుంచి కాలి అందె దాకా అంతా ఫోకస్‌లోనే ఉంటుంది. పక్కకు వాలి తీశారో, ఒక అంచు జారిపోతుంది.

పెద్దాయన ఫోకస్

నేను రింగు తిప్పడం చూసి పెద్దాయన అడిగారు: ‘ఏం నాయనా, ఆ కెమెరాకి కండ్లు లేవా? నువ్వే తిప్పుతాండావే?’

‘లేవు పెద్దయ్యా, చేత్తోనే సరిచేయాలి.’

‘మాదీ అంతే గదా!’ అంటూ సీత బొమ్మను తెరకు ఆనించారు. ముక్కుపుడక చిల్లు కూడా లెక్కపెట్టొచ్చు. మెల్లగా బొమ్మను దీపం వైపు జరిపారు. సీత పెద్దదైంది, అంచులు మసకబారాయి, చివరికి పొగలా కరిగిపోయింది. మళ్లీ తెర దగ్గరకు తెచ్చేసరికి సీత తిరిగొచ్చింది. ‘వనంలోనుంచి వచ్చేటోళ్లను ఇట్లనే తెస్తాం’ అన్నారు.

అది అచ్చంగా ఫోకస్ రింగే! తెర నుంచి ఎంత దూరం జరిపితే అంత మసక. ఇంకో సంగతి కూడా అక్కడే అర్థమైంది. దీపం వత్తి చిన్నది కాబట్టి నీడ అంచు గట్టిగా పడుతోంది. ట్యూబ్‌లైట్ లాంటి పొడుగాటి వెలుగు పెడితే బొమ్మ కాస్త జరిగినా మసకే. కెమెరాలో కన్నం పెద్దదైతే మసక పెరిగినట్టు, తెర వెనక దీపం పెద్దదైతే మసక పెరుగుతుంది. ఎఫ్ నంబర్ అనే మాట లేకుండానే ఆ లెక్క ఆయన చేతికి తెలుసు.

చెయ్యి యాడ పోయింది?

తర్వాత తెర వెనక్కి వెళ్లా. మీటరు దూరంలో ఆయన ముఖం, ముందుకు చాచిన చెయ్యి, అవతల దీపం. 0.95 దగ్గర తీసిన ఫ్రేమ్‌లో కన్ను పదునుగా, దీపం గుండ్రటి పసుపు బిళ్లలా వచ్చింది. ఇన్‌స్టాలో పెడితే లైకులే లైకులు! స్క్రీన్ చూపించా.

ఆయన కాసేపు చూసి, ‘మొగం బాగుంది. చెయ్యి యాడ పోయింది?’ అన్నారు. ‘ఆడించేది చెయ్యే గదప్పా. మొగం తెర ముందరోళ్లకి ఎప్పుడూ కనపడదు.’

బొమ్మ పట్టుకున్న వేళ్లు నిజంగానే పొగలో ఉన్నాయి. ఈ లెన్సుల గురించి మాట్లాడే వాళ్లలో ఎక్కువమంది బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ గురించే మాట్లాడతారు. కానీ బ్లర్‌కు ఏది ముఖ్యమో తెలీదు. చేతిని కూడా చెరిపేస్తుంది, ఊరిని కూడా చెరిపేస్తుంది. వెనకున్నదంతా వెలుగు బిళ్లలైపోతే, అది నిమ్మలకుంట అయితేనేం, న్యూయార్క్ అయితేనేం?

దీనికి రెండు దారులున్నాయి. కన్నం ఎఫ్ 2.8కి తగ్గిస్తే ఫోకస్ మూడింతలు లోతు అవుతుంది, కానీ దీపం వెలుగు చాలదు. రెండోది, నిలబడే చోటు మార్చడం. ఆయన పక్కకు వెళ్లి, ముఖం, చెయ్యి రెండూ లెన్స్ నుంచి ఒకే దూరంలో ఉండేలా నిలబడ్డా. తెర మీద రెండు బొమ్మల్ని పక్కపక్కన ఆనించినట్టన్నమాట. కన్నం 0.95 దగ్గరే ఉంది. ఈసారి కన్ను, వేళ్లు, వేళ్ల మధ్య కర్రపుల్ల.. మూడూ దక్కాయి.

మనవరాలికి కావాల్సింది వేరే. ల్యాంప్‌షేడ్లు అమ్మడానికి ఫొటోలు. ‘ఫోన్లో తీస్తే లోపల బల్బు తెల్లగా పేలిపోతుందన్నా, చిల్లులు కనపడవు. చిల్లుల పనికే గదా రేటు!’ అంది. వాటికి 0.95 అస్సలు వద్దు. బాగా తెరిస్తే నా లెన్స్‌లో ప్రతి వెలుగు చుక్క చుట్టూ ఊదారంగు అంచు వస్తుంది, మూలలు మెత్తబడతాయి. కెమెరాను స్టూలు మీద కదలకుండా పెట్టి, ఎఫ్ 5.6లో, ఎక్స్‌పోజర్ తగ్గించి తీశా. ఊదారంగు పోయింది, చిల్లు చిల్లూ విడివిడిగా వచ్చింది. ఆ రాత్రే పన్నెండు ఫొటోలు తన ఫోన్‌కు పంపించా. అమ్మకాల పేజీలో పదకొండు దీపాలు పెట్టింది. మొదటి ఫొటోగా మాత్రం తాత చెయ్యి పెట్టింది.

మీరూ వెళ్తే..

లెన్స్‌లో చిప్ ఉండదు కాబట్టి కొన్ని కెమెరాలు ‘లెన్స్ లేదు’ అని మొరాయిస్తాయి. మెనూలో ‘లెన్స్ లేకుండా షట్టర్’ ఆప్షన్ ఆన్ చేయండి. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే 35 అని మీరే నమోదు చేయండి. ఆటో వైట్ బ్యాలెన్స్ దీపం పసుపును కడిగేయాలని చూస్తుంది. దాన్ని ఆపి, 3000 కెల్విన్ దగ్గర పెట్టుకోండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగులో చారలు పడితే మెకానికల్ షట్టర్, సెకనులో 50వ లేదా 100వ వంతు వాడి చూడండి. కొనేముందు మీ కెమెరా మౌంట్‌కు సరిపోయేదేనా అన్నది తప్పక చూసుకోండి. ఈ లెన్సుల్లో మౌంట్ మార్చుకోవడం సాధారణంగా కుదరదు.

ఆట చూడాలంటే రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పండి. తెర కట్టాలి, తాళం, హార్మోనియం వాయించే వాళ్లు దొరకాలి. ఎంతవుతుందో ముందే అడిగి, బేరం ఆడకుండా ఇచ్చేయండి. దీపంతో ఆడమని అడగడం మర్చిపోవద్దు. ఆ ఇంట్లో ప్రమిద ఇప్పుడు అటక మీద లేదు, తెర చుట్టిన కర్రల పక్కనే ఉంది.