వలయం చెదరని ఆట

బ్యూనస్ ఎయిరీస్‌లో జరిగే ప్రపంచ టాంగో నాట్య పోటీల్లో రెండు విభాగాలు. ఒకటి నలుగురితో కలిసి నేల మీద ఆడేది, రెండోది స్టేజీ టాంగో. మొదటిదానిలో జంటలన్నీ ఒకే వలయంగా అపసవ్య దిశలో కదలాలి. పాట సాగినంతసేపూ కౌగిలి విడకూడదు, ఎగిరి గెంతకూడదు. ఏ పాట వస్తే దానికి అప్పటికప్పుడు అడుగు కలపాలి. స్టేజీ టాంగోలో ఈ కట్టుబాట్లు సడలుతాయి. ముందే కూర్చుకున్న నాట్యానికీ విన్యాసాలకూ చోటుంటుంది.

ఎర్రగుంట్ల నుంచి లండన్ చేరి, అక్కడే టాంగో నేర్చుకుంటున్న ఈ వ్యాసకర్తకు ఆ వలయంలో కడప పల్లెల చెక్కభజన కనిపిస్తుంది. రామాలయం ముందు గురువు పాట ఎత్తుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు చెక్కలు వాయిస్తూ, వంత పాడుతూ అడుగేస్తారు. గురువు జోరు పెంచితే గజ్జెల జోరూ పెరుగుతుంది. చెవి అటు లేనివాడి అడుగు తప్పుతుంది.

టాంగోలో కొత్తదనం ఆ వలయపు కట్టుబాటు తెలిసినవాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. 1990లలో టాంగో నర్తకులు గుస్తావో నవేరా, ఫాబియాన్ సాలస్ పాత అడుగులనే విడదీసి చూశారు. ఒకరు తన జోడీ చుట్టూ తిరిగేటప్పుడు ముందడుగు, పక్కడుగు, వెనకడుగు ఏ వరుసలో పడతాయి? ఎక్కడ దిశ మార్చవచ్చు? వాళ్లతో కలిసి సాధన చేసిన మరియానో ఫ్రుంబోలీ ఆ వెతుకులాటను మరింత ముందుకు తీసుకెళ్లాడు.

చెక్కభజనకూ మార్పు కొత్త కాదు. సినిమా బాణీల్లో భక్తిపాటలు కట్టుకోవడం పల్లెల్లో ఎప్పుడో మొదలైంది. దానివల్ల నష్టమేమీ జరగలేదు. బాణీ మారినా పాడే మనిషి అక్కడే ఉన్నాడు, తాళం అతని చేతిలోనే ఉంది.

విదేశాల స్టేజీల మీద చెక్కభజన ఆడేటప్పుడు లేకుండా పోతున్నది ఆ పాడే మనిషే. రికార్డు పాట పెట్టి, పిల్లలను ప్రేక్షకులవైపు వరుసగా నిలబెట్టి అయిదు నిమిషాల్లో ముగిస్తే, అడుగులు చక్కగా కుదురుతాయి. కానీ పాట ఎప్పుడు జోరందుకుంటుందో పిల్లలకు ముందే తెలుసు; ఒకరినొకరు వినాల్సిన పని ఉండదు.

స్టేజీ వద్దని ఎవరూ అనరు. టాంగో నేల ఆటనూ స్టేజీ ఆటనూ విడివిడిగా నిలుపుకుంది, రెండూ బతికాయి. ఉగాది, సంక్రాంతి వేడుకలు జరిపే తెలుగు సంఘాలు సీమ నుంచి ఒక చెక్కభజన గురువును పిలిపించాలి. పిల్లలకు ముందు వలయంలో, ఎదురుగా పాడే గొంతుకు అడుగు కలపడం నేర్పించాలి. స్టేజీ అంశం ఆ తర్వాతే కూర్చుకోవాలి. హాలు అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లించినా ఈ పని మొదలవుతుంది.